మా ఇంటి మొదటి లొట్టి

మా ఇంటికి చివరిదాకా మిగిలిన మర్యాద ఒక మట్టి లొట్టి, చెట్టుకు కట్టి కల్లు పట్టే కుండ.

దొరలుగా మా పెద్దలు కట్టిన కోటలాంటి గడీ నా చిన్నతనంలోనే కూలడం మొదలైంది. ఒక వానకాలం దూలాలు పోయాయి, మరో వానకాలం పెద్ద తలుపులు పోయాయి. రాళ్లు ఎవరికి కావలసినన్ని వాళ్లు తీసుకుపోయి గోడలు కట్టుకున్నారు. కేతేపల్లి దిక్కున ఉన్న మా ఊళ్లో ఈనాటికీ ఏ పశువుల కొట్టం గోడ చూసినా అందులో మా ఇంటి రాయి ఒకటైనా కనబడుతుంది. భూములు ఎలా పోయాయో చెప్పుకుంటే అందులో మా గొప్ప ఏమీ లేదు, అందుకని చెప్పను. గడీ వెనుక వంటిల్లు, దానికి ఆనుకున్న రెండు గదులు నిలిచాయి. నేను ఉంటున్నది వాటిలోనే.

ఊరి పక్క ఈతవనం ఒకప్పుడు మాది. మా తాతకూ అప్పట్లో చెట్లు గీసే గౌడుకూ మధ్య ఒక మాట అయింది: ఏ రోజు కల్లు గీసినా మొదటి చెట్టు లొట్టి గడీకి రావాలి. వనం చేతులు మారింది. మాట అనుకున్న ఇద్దరూ మట్టిలో కలిశారు. అయినా ఇప్పుడు కల్లు గీసే గౌడు, వాళ్ల నాయిన తెచ్చినట్టే, ప్రతి ఉదయం మా గుమ్మం దగ్గర లొట్టి దించేవాడు. తెమ్మని అడిగే హక్కు మాకు లేదు. తేవాలన్న భయం అతనికి లేదు. అది అలవాటు. నేను మాత్రం ఆ వేళకు ఉతికిన ధోవతి కట్టుకుని గుమ్మంలో నిలబడి ఉండేవాణ్ణి. తాగేది అరగ్లాసు. తాగడం కోసం కాదు. లొట్టి రావాలి, అంతే.

మందు మా ఇంటి గడప దాటి రాలేదు. తాగి వచ్చినవాణ్ణి మా నాయిన అరుగు ఎక్కనిచ్చేవాడు కాదు. కల్లు సంగతి వేరని మా నమ్మకం. దాన్ని చెట్టుపాలు అనేవాళ్లం. చూలాలికి చలువ చేస్తుంది, బాలింతకు పాలు పడతాయి, పసిబిడ్డకు వేలు ముంచి నాకిస్తే కడుపునొప్పి పోయి హాయిగా నిద్రపోతుంది. ఈ మూడూ మా ఇంట్లో ఎవరూ ఎవరికీ నేర్పలేదు. అన్నం కుడిచేత్తో తినాలని ఎలా తెలిసిందో ఇవీ అలాగే తెలిశాయి.

తెలంగాణ రాష్ట్రం వచ్చిన ఏడు నా బిడ్డ తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చింది. ఆమెను నార్కట్‌పల్లిలో ఇచ్చాను. అల్లుడిది హైవే పక్కన లారీ టైర్ల దుకాణం, దుకాణం వెనుకే ఇల్లు. అక్కడ ఏం తిన్నా కడుపులో నిలవడం లేదని అయిదో నెలలోనే వచ్చేసింది. అప్పటికి నా భార్య పోయి మూడేళ్లు. తల్లి లేని పిల్లకు తల్లి చేయవలసినవన్నీ నేనే చేయాలనుకున్నాను. నాకు వంట రాదు, తలంటడం రాదు. ఇంటి ఆనవాయితీలు మాత్రం ఒక్కటీ మరవకుండా తెలుసు.

మొదటిరోజు, మాకు మిగిలిన ఒకే ఒక వెండి గ్లాసులో కల్లు వడగట్టి ఇచ్చాను. వాసనకే మొహం తిప్పుకుంది.

"వద్దు బాపూ. పుల్లగున్నది. నాకు కక్కొస్తది."

"మీ అవ్వ తాగింది. మీ అమ్మ తాగింది. నువ్వు పుట్టలేదా, ఏమైంది? మన ఇంటి వరుస బిడ్డా. కండ్లు మూసుకొని తాగు."

రెండో రోజూ వద్దంది. మూడో రోజూ అంది. నాలుగో రోజు నుంచి అనడం మానేసింది. నేను గ్లాసు పట్టుకుని పక్కన నిలబడితే నా మొహం ఒకసారి చూసి, ముక్కు మూసుకుని, ఒక్క గుక్కలో తాగేది. తాగి నవ్వేది. ఆ నవ్వు చూసి కల్లు ఒంటికి పడుతోందని సంబరపడ్డాను. నన్ను సంతోషపెట్టడానికి నవ్వుతోందని తట్టలేదు.

ఒక ఉదయం గౌడు లొట్టి దించి, వెళ్లకుండా భుజం మీది చెట్టెక్కే మోకు సర్దుకుంటూ నిలబడ్డాడు.

"దొరా, చిన్న దొరసానికి పోస్తున్నరా?"

"అవు. ఏం?"

"ఏం లేదు. మా కోడలు కడుపుతోని ఉన్నప్పుడు అంగన్‌వాడి మేడం వచ్చి చుక్క గూడ పొయ్యొద్దన్నది. నేను గీసేటోన్నే గద, అయినా నా ఇంట్ల బంద్ వెట్టిన."

"మీ ఇల్లు వేరు, మా ఇల్లు వేరు" అన్నాను.

"అవు దొరా" అని వెళ్లిపోయాడు. మళ్లీ ఆ మాట ఎత్తలేదు. లొట్టి మాత్రం తప్పకుండా తెచ్చాడు.

ఆడపిల్ల పుట్టింది. రెండు చేతుల్లో పావురమంత ఉంది. బిడ్డకు పాలు పడాలని కల్లు ఇంకా కొనసాగించాను. సాయంత్రం దీపం పెట్టాక మనుమరాలిని ఒళ్లో వేసుకుని, చిటికెన వేలు గ్లాసులో ముంచి నోట్లో పెట్టేవాణ్ణి. ఉదయం దించిన కల్లు సాయంత్రానికి పులిసి ఘాటెక్కుతుందని ఈ ఊళ్లో పుట్టిన నాకు తెలియక కాదు. పిల్ల మొహం చిట్లించి, తర్వాత చప్పరించి, కాసేపటికి కళ్లు వాల్చేది. నిద్రలోకి జారుతున్న కొద్దీ నా మోచేతి మీద ఆ తల బరువు పెరిగేది. అలా అయిదు నెలలు. అంత సుఖం నేను ఇంకెక్కడా ఎరగను. ఇది రాయడం కష్టంగా ఉన్నది అందుకే.

పిల్ల నార్కట్‌పల్లికి వెళ్లిపోయింది. చురుకైనది. మాటలు ముందే వచ్చాయి, ఎక్కాలు విని పట్టేసింది. నిద్ర మాత్రం వేళకు వచ్చేది కాదు. లోకం పడుకునే సమయానికి దానికి కళ్లు తేటపడేవి. లోకం లేచే సమయానికి రాయిలా నిద్రపోయేది. చిన్నపిల్ల కదా, పెద్దయితే సర్దుకుంటుందని అందరం అనుకున్నాం. కరోనాకు బడులు మూసిన రోజుల్లో ఎవరికీ ఏ ఇబ్బందీ కలగలేదు. పదింటికి లేచినా అడిగేవాళ్లు లేరు. బడులు తెరిచాక మొదలైంది. పొద్దున లేపడానికి ఇద్దరు కావాలి. నీళ్లు చల్లి, కూర్చోబెట్టి, జడ వేస్తుంటే జడ వేయించుకుంటూనే నిద్రపోయేది. బడిలో మొదటి గంటలో బల్ల మీద తల వాలేది. పంతులమ్మ నిలబెట్టేది. తోటి పిల్లలు 'నిద్రమొహం' అని పేరు పెట్టారు.

మా వియ్యపురాలు మొహం మీద మాట్లాడే మనిషి. ముప్పయ్యేళ్లు దుకాణంలో కూర్చుని లారీ డ్రైవర్లతో బేరాలాడిన గొంతు ఆమెది. నేను చూడబోయిన రోజు పిల్ల ముందే అంది.

"గడీల పుట్టిన పిల్ల గదన్నా. ఎండ నెత్తిమీదికొచ్చినంక లేస్తది. పాన్పు మీదికే పాలు పంపాలె. మా అసొంటి టైర్లు మోసేటోళ్ల ఇంట్ల పుడితే కోడితోని లేస్తుండె."

పిల్ల తల దించుకుంది. నా బిడ్డ వంటింట్లోకి వెళ్లిపోయింది. మా ఇంట్లో మంచం మీద నుంచి సూర్యుణ్ణి చూసిన మనిషి లేడు. మా తాత నుంచి నా దాకా అందరం చీకటితో లేచినవాళ్లమే. భూమి పోయిందంటే పడతాను, సోమరితనం అంటగడితే పడను.

"ఎండకాలం సెలవులల్ల నా దగ్గర ఉంచు చెల్లే. కోడికంటె ముందు లేసేటట్టు చేసి పంపిస్త."

"చెయ్యన్నా. గది చేస్తే పూలదండ తెచ్చి నేనే నీ మెడల ఏస్త" అంది.

అలా తెచ్చుకున్నాను, దానికి ఎనిమిదేళ్లు నిండాక. నా పద్ధతి తేలికైనది. ఎనిమిదింటికి దీపం ఆర్పడం, అయిదింటికి తడిచేత్తో మొహం తుడిచి లేపడం, లేపి వాకిట్లో నిలబెట్టడం. పిల్ల ఏడవలేదు, ఎదురు చెప్పలేదు. నాకంటే ఎక్కువగా అదే ప్రయత్నించింది. రెండో రోజు ఒక దారం తెచ్చి ఒక కొస తన కాలి బొటనవేలికి కట్టుకుని, రెండో కొస నా చేతికిచ్చింది.

"గుంజు తాతా. నొచ్చినా సరే, నేను లేసేదాంక గుంజు."

గుంజాను. వేలు ఎర్రబడింది. పిల్ల లేవలేదు.

మూడో రోజు పొద్దున దాని మంచం కింద చింతగింజలు కనబడ్డాయి. నేల మీద వరుసగా పేర్చి ఉన్నాయి. పెద్దవి కొన్ని వరుసలు, చిన్నవి కొన్ని, పొట్టు పోయినవి ఇంకొన్ని. మర్నాడు వరుసలు మారాయి, పెరిగాయి. అడిగితే చెప్పింది.

"నిద్ర రాకుంటే గింజలు పేరుస్త తాతా. చప్పుడైతే నువ్వు లేస్తవని ఒక్కొక్కటే పెడ్త."

"ఎంతసేపు?"

"ఏడు వరుసలైనంక నిద్రొస్తది. నిన్న తొమ్మిది."

ఒక పొద్దున వాకిట్లో అరకన్ను తెరిచి, గోడ మీది కోడిని చూస్తూ అడిగింది.

"తాతా, అందర్ని కోడి లేపుతది గద. కోడిని ఎవలు లేపుతరు?"

"సూర్యుడు."

"మరి నన్నెందుకు లేపుతలేడు? నా మీద అలిగిండా?"

లోపల ఏదో కదిలింది కానీ అదేమిటో చూడటానికి నేను ఇష్టపడలేదు. "అలిగేటందుకు నువ్వేమన్న రాణివా, నిలబడు" అన్నాను. పదిహేనో రోజున అలా నిలబడి ఉండగానే మెట్టు పక్క స్తంభాన్ని పట్టుకుని నిద్రపోయి, పక్కకు ఒరిగి, మెట్టు అంచుకు నుదురు కొట్టుకుంది. రక్తం వచ్చింది. పెద్ద దెబ్బ కాదు. కానీ నేను ఎత్తుకునేసరికి నా భుజం మీద "లేసిన తాతా, లేసిన, పండుకోలే" అంటోంది.

బిడ్డకు ఫోన్ చేశాను. మొదటి బస్సుకు వచ్చింది. నన్ను ఒక్క మాట అనలేదు. "నల్లగొండల పిల్లల డాక్టరమ్మ ఉన్నది, చూపిద్దాం" అంది. నేనూ బయలుదేరాను. బలానికి ఏదన్నా సీసా రాసివ్వమని అడగాలని నా ఆలోచన.

డాక్టరమ్మ చిన్న వయసుది. నుదుటి కట్టు చూసి, అది వదిలేసి, నిద్ర గురించి అడగడం మొదలుపెట్టింది. మనుమరాలు తన గౌను జేబులోంచి గుప్పెడు చింతగింజలు తీసి బల్ల మీద ఒక వరుస పేర్చి చూపించింది. ఆమె నవ్వకుండా విన్నది. ఎన్ని వరుసలు, బడి లేని రోజు ఎప్పుడు లేస్తావు, లేచాక ఎలా ఉంటుంది, అన్నీ రాసుకుంది. తర్వాత పిల్లను బరువు, ఎత్తు చూడమని నర్సమ్మతో బయటికి పంపి, నా బిడ్డ వైపు తిరిగింది.

"కాన్పు టైముకే అయిందా?"

"అయింది మేడం. జర చిన్నగ పుట్టింది."

"కడుపుతోని ఉన్నప్పుడు మందులేమన్న వాడినవా? బీరు, కల్లు, గిట్లాంటివి ఏమన్న తీసుకున్నవా? తిట్టనమ్మా, తెలవాలె అంతే."

నా బిడ్డ నావైపు చూడలేదు. బల్ల అంచు మీద ఒక చింతగింజ మిగిలి ఉంటే దాన్ని వేలితో జరుపుతూ, "లేదు మేడం" అంది.

నేను అబద్ధాలు విన్నవాణ్ణే. మా ఇంటి గురించి చాలా చెప్పాను కూడా, అంత కూలినా ఏమీ కూలనట్టు. కానీ నా కోసం నా బిడ్డ చెప్పగా వినడం అదే మొదలు. కూతురి చేత కల్లు తాగించిన తండ్రి అని ఆ డాక్టరమ్మ అనుకోకూడదని, తన బిడ్డకు దొరకవలసిన జవాబును పక్కకు జరిపేసింది. ఆ వెండి గ్లాసు ముందు ముక్కు మూసుకున్న మొహమే అది. ఆనాడు నా సంతోషం కోసం తాగింది. ఈనాడు నా పరువు కోసం తాగలేదంటోంది.

డాక్టరమ్మ కాగితం మీద ఏదో కొట్టేసి తర్వాతి ప్రశ్నకు వెళ్లబోయింది. నేను లేచి నిలబడ్డాను. కూర్చుని చెప్పడం చేతకాలేదు.

"తాగిందమ్మా. అయిదో నెల నుంచి కాన్పుదాంక, రోజొక గ్లాసు కల్లు. తనంతట తాను తాగలే. వద్దన్నది. నేను తాగించిన. పుట్టినంక పిల్లకు గూడ నా వేలుతోని నాకించిన, అయిదు నెలలు."

బిడ్డ తల ఎత్తలేదు.

"కూసోండి పెద్దాయనా" అంది డాక్టరమ్మ. నేను కూర్చున్నాక చెప్పింది. చెప్పిన తీరు నాకు నచ్చింది, పెద్ద మాటలు వాడలేదు. మనిషి మెదడులో గోరంత చోట ఒక గడియారం ఉంటుందట. వెలుగు కంట్లో పడితే దాన్ని చూసి అది పగలు, రాత్రి సరిచేసుకుంటుందట. ఎప్పుడు నిద్ర రావాలి, ఎప్పుడు ఒళ్లు వెచ్చబడాలి, ఎప్పుడు ఆకలి కావాలి, అన్నిటికీ గంట కొట్టేది అదేనట. అది కడుపులో ఉండగానే తయారవుతుంది, పుట్టాక కొన్ని నెలల్లో కుదురుకుంటుంది. కల్లయినా మందయినా మత్తు మత్తే. ఆ కాలంలో తగిలితే కొందరు పిల్లల్లో అది సరిగా కుదురుకోదు.

"గిదే కారణమని నేను గట్టిగ చెప్పలేను. తాగినోళ్ల పిల్లలందరికి గిట్ల కాదు, తాగనోళ్ల పిల్లల్ల గూడ గిట్ల ఉంటరు. కని మీరు చెప్పింది పనికొస్తది. ఇకముందు చదువుల, ధ్యాసల ఏమన్న తేడా వస్తదేమో చూస్తుండాలె, అందుకు తెలవాలె. ఒక్కటి మాత్రం పక్కా. ఇది బద్ధకం కాదు. పిల్ల లోపల గడియారం మనకంటే మూడు నాలుగు గంటలు ఎనుక నడుస్తుంది. మీరు అయిదింటికి లేపుతున్నరంటే, ఆ పిల్లకు అది నడిరాత్రి."

నడిరాత్రి లేపి స్తంభం దగ్గర నిలబెట్టాను, పదిహేను రోజులు.

మందు ఏమీ రాయలేదు. సాయంత్రం వెలుగు తగ్గించండి, ఫోను దగ్గరికి రానివ్వకండి, పొద్దున లేచిన వెంటనే ఎండలో తిప్పండి, లేచే వేళను వారానికి కొంచెం కొంచెంగా ముందుకు జరపండి, సెలవు రోజు కూడా అదే వేళ అంది. బడికి ఇవ్వమని ఒక కాగితం రాసింది. ఆరు నెలలు పట్టవచ్చు, ఏడాది పట్టవచ్చు, పూర్తిగా సరికాకపోవచ్చు కూడా అంది.

బస్టాండులో పిల్ల సోడా తాగుతూ దూరంగా బస్సుల బోర్డులు చదువుతోంది. నేనూ బిడ్డా సిమెంటు బల్ల మీద కూర్చున్నాం. బిడ్డ అంది.

"మూడుసార్లు వద్దన్న బాపూ. నాకు యాదికున్నది."

"నాకూ యాదికున్నది."

"పిల్ల నిద్ర లేక దొర్లినప్పుడల్ల నా నోట్ల ఆ పులుపు వస్తుండె. నేనే తాగిన గద, నేనే చేసిన అనుకున్న. ఇన్నేండ్లు ఎవ్వలికి చెప్పలే. మా అత్తకు చెప్తే నిన్నంటది."

క్షమించమనే మాట మా ఇంట్లో పెద్దవాళ్లు చిన్నవాళ్లతో అనగా నేను వినలేదు. అది ఎలా మొదలుపెడతారో కూడా తెలియదు. "తప్పు నాది బిడ్డా. నీది ఇసుమంత లేదు" అన్నాను. ఆమె ఏడ్చింది. ఏడుస్తూనే చేతిలోని నీళ్ల సీసా మూత తీసి నాకిచ్చింది. "తాగు. పొద్దటిసంది నీళ్లు ముట్టలే నువ్వు" అంది.

బిడ్డ నార్కట్‌పల్లిలో దిగిపోయింది. సెలవులు ఇంకా మూడు వారాలున్నాయి, పిల్ల నాతో వచ్చింది.

మర్నాడు గౌడు లొట్టి దించుతుంటే, "రేపటిసంది తేవద్దు" అన్నాను.

మొహం ఎత్తి చూశాడు. "ఏంది దొరా? చెట్టు చెడ్డదా, నేను చెడ్డనా?"

"ఎవ్వరు చెడలే. నువ్వు ఆనాడు చెప్పినవు, కడుపుతోని ఉన్న పిల్లకు పొయ్యొద్దని. నేను ఇనలే. మనుమరాలి నిద్ర అందుకే చెడ్డదేమోనని డాక్టరమ్మ అన్నది."

అతను మోకు దించి, మా మెట్టు మీద కూర్చున్నాడు. మా మెట్టు మీద అతను కూర్చోవడం నేను చూడటం అదే మొదలు. కూర్చోమని మేము ఎప్పుడూ అనలేదు.

"చెప్పిన్నే దొరా. గని గట్టిగ చెప్పలే. మీ ముంగట గట్టిగ చెప్పే అలవాటు మాకు యాడిది?"

అని, లొట్టి ఎత్తుకుని లేచాడు.

తలుపు దగ్గర లొట్టి లేని మొదటి ఉదయం నేను అలవాటుగా ధోవతి కట్టుకుని నిలబడ్డాను. ఏమీ రాదని తెలిసీ నిలబడ్డాను. గౌడు వచ్చాడు. వట్టి చేతులతో, పొద్దుటి చెట్లు ముగించుకుని, మామూలు కంటే చాలా ఆలస్యంగా, ఎండ వాకిట్లో పరుచుకున్నాక.

"చిన్న దొరసాని లేసిందా? ఎన్నింటికి లేపుమన్నదట డాక్టరమ్మ?"

"ఈ వారం తొమ్మిదిన్నర."

"అయితే టైముకే వచ్చిన" అని, కిటికీ దగ్గరికి వెళ్లి గొంతెత్తాడు. "ఓ దొరసానీ! ఈతవనంల గిజిగాడు గూడు కడుతుంది, వస్తవా, నేను ఒక్కన్నే చూసి రావాల్నా?"

దారానికి లేవని పిల్ల గిజిగాడికి లేచింది. కళ్లు నలుపుకుంటూ, తూలుతూ, ఒక చెప్పు వేసుకుని ఒకటి మరిచి. ముగ్గురం ఎండలో వనం దాకా నడిచాం. మరుసటి వారం తొమ్మిదింటికి వచ్చాడు. ఆ పై వారం తొమ్మిదికి పావుగంట ముందు. ఒక్కో రోజు పిల్ల లేచేది కాదు. అలాంటప్పుడు అతను మెట్టు మీద కూర్చునేవాడు, నేను లోపలికి వెళ్లి దాని తల నిమురుతూ కూర్చునేవాణ్ణి. దారం గుంజలేదు. సాయంత్రాలు ఒక్క చిన్న దీపం ఉంచి, దాని పక్కన కూర్చుని నేనూ చింతగింజలు పేర్చాను. పెద్దవి దానివి, చిన్నవి నావి. ఒక పొద్దున లెక్క పెట్టి, "తాతా, నిన్న ఆరే!" అని వాకిట్లోకి పరుగెత్తుకొచ్చింది. మర్నాడు మళ్లీ తొమ్మిది. సరే అనుకున్నాం.

బడులు తెరిచే ముందు పిల్లను దింపడానికి నార్కట్‌పల్లి వెళ్లాను. దారి పొడుగునా నాకు ఒకటే గుబులు. డాక్టరమ్మకు చెప్పడం ఒకటి. పరాయి మనిషి, మళ్లీ కనబడదు. వియ్యపురాలికి చెప్పడం వేరు. చెప్పకపోతే ఈ పిల్ల ఆ ఇంట్లో 'గడీల పుట్టిన బద్ధకపుది'గానే పెరుగుతుంది. డాక్టరమ్మ కాగితం బడి కోసమే. ఇంట్లో పేరు మారాలంటే కాగితం చాలదు.

వియ్యపురాలు దుకాణం పక్క గద్దె మీద కూర్చుని చేటలో బియ్యం ఏరుతోంది. నన్ను చూడగానే అంది.

"ఏందన్నా, కోడికంటె ముందు లేస్తున్నదా? పూలదండ చెప్పి రావాల్నా?"

"దండ వద్దు చెల్లే. ఒక మాట చెప్పాలె, ఇను."

చెప్పాను. గ్లాసు, వేలు, గౌడు హెచ్చరిక, డాక్టరమ్మ మాట, ఏదీ వదలకుండా. బియ్యంలో ఆమె చెయ్యి ఆగిపోయింది. అయిపోయాక నా మొహంలోకి చూసింది.

"అంటే ఇన్నేండ్లు నేను పిల్లను తిట్టింది నువ్వు చేసినదానికా?"

"అవు."

"గడీ అని, సుకుమారమని, దాని తల్లిని గూడ అన్న. నోరు మూసుకొని పడ్డది. ముందే చెప్తే నేను అనకపోదును గదన్నా! నా నోటికి గింత పాపం ఎందుకు తగిలిస్తివి?"

తల వంచాను. ఆ ఇంటి గద్దె ముందు తల వంచుతానని మూడు నెలల కింద ఎవరన్నా అంటే నవ్వేవాణ్ణి.

ఆమె చేట పక్కన పెట్టి లేచింది. నన్ను ఇంకేదో అంటుందనుకున్నాను. దుకాణంలోకి చూసి కొడుకును కేకేసింది.

"అరేయ్, ఆ పెద్ద లైటు పిల్ల కిటికి మీదికే కొడ్తున్నది. రోడ్డు దిక్కు తిప్పు. రేపు కాదు, ఇయ్యాలనే. ఏడు కొట్టినంక గాలిమిషిను చప్పుడు బంద్. లారీ ఆగితే ఆగనీ."

అల్లుడు నిచ్చెన తెచ్చాడు. నా బిడ్డ తలుపు చాటున నిలబడి చూస్తోంది. మనుమరాలు తన సంచిలోంచి చింతగింజల మూట తీసి, నాయినమ్మ కొంగు పట్టుకుంది.

"నాయినమ్మా, నాది బద్ధకం కాదంట. నీకు ఎరుకేనా?"

"ఎవలన్నరు?"

"తాత."

వియ్యపురాలు నావైపు ఒకసారి చూసి, పిల్ల నుదుటి మీది మచ్చను బొటనవేలితో తడిమింది.

"మీ తాత అబద్ధం చెప్పడు బిడ్డా. జర ఆలస్యంగ చెప్తడు, అంతే" అంది.